పోస్టర్‌లో మొహం లేదు

మా ఫ్రెండ్ తీసిన డాక్యుమెంటరీకి పోస్టర్లు చేయడానికి నాకు నెల పట్టింది. మాటల్లేవు, కథ లేదు, మూసీ ఒడ్డున నీళ్లూ నురగా చప్పుళ్లూ, అంతే. మామూలు సినిమాకైతే హీరో మొహం పెట్టి కింద పేరేస్తే అయిపోతుంది, దీనికేం పెట్టాలి? మొదటి ఆరు డిజైన్లు చూసి "ఇవి అవగాహన సదస్సు కరపత్రాల్లా ఉన్నాయిరా" అన్నాడు. కోపమొచ్చింది గానీ నిజమే.

అప్పుడు 1929లో సోవియట్ దర్శకుడు వెర్తోవ్ డాక్యుమెంటరీ 'మ్యాన్ విత్ ఎ మూవీ కెమెరా'కి స్టెన్‌బర్గ్ సోదరులనే డిజైనర్లు వేసిన పోస్టర్ మళ్లీ తీసి చూశాను. ఎత్తైన భవనాల మధ్య ముక్కలు ముక్కలుగా వెనక్కి వాలిన ఆడమనిషి, గుండ్రంగా తిరిగే అక్షరాలు. సినిమాలో ఏముందో చెప్పదు, చూస్తే కళ్లెలా తిరుగుతాయో చెబుతుంది! నేనూ ఫొటోలన్నీ పక్కన పడేసి, సినిమా సౌండ్ వేవ్‌ఫామ్‌ని, అంటే శబ్దం హెచ్చుతగ్గుల్ని చూపే గీతని, నిలువుగా తిప్పి నదిలా పరిచాను. టైటిల్ చేత్తో రాశాను, ఎందుకంటే నా దగ్గరున్న ఫాంట్లలో వత్తులు కింది లైనుకి తగిలి ఒకటే గొడవ.

తీరా ప్రింటయ్యాక చూస్తే, స్క్రీన్ మీద మెరిసిపోయిన నీలం సీఎంవైకేలో, అంటే ప్రింటింగ్‌లో వాడే నాలుగు రంగుల సిరాల్లో, చచ్చుబడి బూడిద రంగులోకి దిగిపోయింది. నాకు ఏడుపొక్కటే తక్కువ. వాడేమో "మార్చకు, నది రంగు ఇదే" అంటాడు.