పెన్నహోబిలం దారిలో డచ్-పోర్చుగీసు వెతుకులాట

పెన్నహోబిలం నరసింహస్వామి దర్శనం త్వరగానే ముగిసింది కనుక దాని గురించి రాయవలసింది పెద్దగా లేదు. రాయవలసినదంతా అనంతపురం నుంచి అక్కడికి చేర్చిన బస్సు ప్రయాణంలోనే ఉంది. ఎక్స్‌ప్రెస్ ఛార్జీ పుచ్చుకుని పల్లెపల్లెకూ ఆగిన ఆ బస్సులో, నేను పనిచేసే అనువాద సంస్థవారు నన్ను ఫోనులో వదలలేదు. గాలిమర నిర్వహణ పుస్తకాన్ని డచ్ నుంచి పోర్చుగీసులోకి తేగల, ఇంధన రంగం తెలిసిన అనువాదకులు వారికి వెంటనే కావాలి. ఒకరు దొరకడమే కష్టమనుకుంటే, అనువాద సేవలకు 2015లో వచ్చిన అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్‌ఓ 17100 ప్రకారం ఆ అనువాదాన్ని మూలంతో పోల్చి చూసే రెండో మనిషి కూడా ఉండాలి.

దక్షిణ అమెరికాలోని సూరినామ్‌లో అధికార భాష డచ్, పక్కనే పోర్చుగీసు మాట్లాడే బ్రెజిల్, అక్కడ వెతకరాదా అని ఒక సహోద్యోగి అడిగాడు. ఆ సరిహద్దు పొడవునా ఉన్నది దట్టమైన అడవి, పక్క దేశమైనంత మాత్రాన రెండు భాషలూ వచ్చినవారు దొరకరని చెప్పాను. వచ్చిన దరఖాస్తులు చూస్తే, కోర్టు కాగితాలూ ప్రకటనలూ చేసినవారు చివర్లో ఇంధనం అనే మాట తగిలించినట్లు ఉన్నాయి.

కూడేరులో బస్సు ఆగినప్పుడు తిన్న ఉగ్గాని, బజ్జీ బాగానే ఉన్నాయి గాని, ఆ ధరకు మా ఇంట్లో నలుగురు తినవచ్చు. కూడేరు దాటాక గాలిమరలు కనిపించాయి. పక్క సీటు కుర్రవాడు వాటిలోనే టెక్నీషియన్ అని తెలిసి, నా ఫోనులోని బొమ్మలు చూపించాను. రెక్క తన ఇరుసు మీద తాను తిరగడం వేరనీ, పైనున్న పెట్టె మొత్తం గాలికి ఎదురు తిరగడం వేరనీ, రెండింటికీ మోటార్లు వేరువేరనీ అతడు చేతులు తిప్పుతూ వివరించాడు. "హబ్బులోకి దూరేముందు రోటర్ లాక్ వేయాల అన్నా. ఆ వరస ఎవరైనా తిరగరాస్తే లోపలున్నోడు బతకడు" అన్నాడు. హబ్బు అంటే రెక్కలన్నీ కలిసే నడిమి భాగం, రోటర్ లాక్ అంటే అది తిరగకుండా పట్టి ఉంచే తాళం.

దరఖాస్తు చేసినవారిని అనుభవం ఎన్నేళ్లని అడగడం అక్కడితో మానుకున్నాను. హబ్బులోకి దిగే పద్ధతి ఉన్న పేరానే పరీక్షగా పంపి, అనువాదంతోపాటు తమ సందేహాలు కూడా రాయమని కోరాను. చాలామందికి సందేహమే రాలేదు. ఒక్కామె మాత్రం చదివేది బ్రెజిల్ కార్మికులా, పోర్చుగల్ వారా అని అడిగి, లాక్ పిన్ను ఎక్కడుందో చూపే బొమ్మ కావాలన్నది. ఆమె అడిగిన రేటు మా సంస్థ అనుకున్నదానికన్నా ఎక్కువ. అయినా అంతే ఇవ్వాలని బస్సు దిగకముందే రాసి పంపాను.