ఓడ కంపెనీ కొనిచ్చిన విమాన టిక్కెట్టు, మా ఆవిడ ఇంటిపేరు

బార్సిలోనాలో ఓడ ఎక్కి రోముకు రేవైన సివితావెక్కియాలో దిగే 7 రాత్రుల మధ్యధరా యాత్ర ముగించుకుని మేము డాలస్‌కు తిరిగి వచ్చి నాలుగు రోజులయింది. పెట్టెలు ఇంకా హాల్లోనే ఉన్నాయి. యాత్ర ఎలా ఉందని అడిగిన వాళ్లందరికీ బాగుందనే చెబుతున్నాను, నిజంగా బాగుంది కూడా. అయితే ఇక్కడ రాస్తున్నది ఆ ఓడ గురించి కాదు. ఆ ఓడ దాకా చేరడానికి కావలసిన విమాన టిక్కెట్లను ఓడ కంపెనీ చేతనే కొనిపించుకుని నేను పడిన పాట్ల గురించి.

వెళ్లింది రెండు జంటలం. నేనూ మా ఆవిడా ఒక జంట, మా బావమరిదీ అతని భార్యా మరొకటి. ఒకే ఓడ, ఒకే అంతస్తులో ఎదురెదురు గదులు. అతను విమాన సంస్థ దగ్గర నేరుగా టిక్కెట్లు కొన్నాడు. నేను ఓడ కంపెనీ ద్వారా తీసుకున్నాను. దిగే ఊరు ఒకటి, తిరుగు ప్రయాణం మొదలయ్యే ఊరు మరొకటి కాబట్టి రెండు టిక్కెట్లను విడివిడిగా చూస్తే ధర గుండె గుభేలుమనేలా ఉంది. మల్టీ సిటీ అనే మీట నొక్కితే రెండూ ఒకే టిక్కెట్టులో ఇమిడి ధర చాలా తగ్గుతుందని బావమరిదికి తెలుసు, నాకు తెలియదు. తెలియని నాకు ఓడ కంపెనీ మనిషికి 1,180 డాలర్లని చెప్పింది. అతనికి 1,395 పడింది. మా ఇద్దరికీ కలిపి 430 డాలర్లు మిగిలాయని నేను ఆ వారమంతా కాస్త గర్వంగానే తిరిగాను.

ధర తరువాత నన్ను పడగొట్టింది ఒక మాట. "విమానం ఆలస్యమైనా మీకు బెంగ లేదు, టిక్కెట్టు మాదే కదా" అని ఫోనులోని అమ్మాయి అంది. ఓడ ఆగుతుందని నేను అర్థం చేసుకున్నాను. తరువాత కళ్లజోడు పెట్టుకుని షరతులు చదివితే, ఓడ తప్పిపోయిన వారిని తరువాతి రేవుకు చేర్చడానికి సహాయం చేస్తామని మాత్రమే ఉంది. సహాయం మంచిదే, కాని ఆగడం వేరు. వందల మంది ఒకే విమానంలో ఉంటే కెప్టెను ఆలోచిస్తాడేమో గాని, డాలస్ నుంచి వచ్చే ఇద్దరు ముసలివాళ్ల కోసం రేవులో ఎవరూ లంగరు వేసుకుని కూర్చోరు.

వీసా సంగతి ఒక ముక్కలో చెప్పవచ్చు. భారత పాస్‌పోర్టు కాబట్టి గ్రీన్ కార్డు ఉన్నా, ఐరోపాలో చాలా దేశాలకు ఉమ్మడిగా చెల్లే షెంగెన్ వీసా తప్పదు, 30,000 యూరోలకు తగ్గని వైద్య బీమా చూపించాలి, చూపించాము, వచ్చింది. ఇబ్బంది మొదలైంది వీసా కోసం ప్రయాణ వివరాల కాగితం అడిగినప్పుడు. పూర్తి సొమ్ము కట్టేదాకా ఓడ కంపెనీ అసలు టిక్కెట్టు ఇవ్వదు, వరుస మాత్రం చెబుతుంది. ఆ వరుసలో డాలస్, చికాగో, ఫ్రాంక్‌ఫర్ట్, బార్సిలోనా అని ఉంది. రెండు చోట్ల మారాలి, ఓడ బయలుదేరే రోజునే దిగాలి. ఒకరోజు ముందు వెళ్లే విమానం అడిగి తీసుకోవచ్చని నాకు తెలుసు, బార్సిలోనాలో హోటలు ఖర్చు ఎందుకని ఊరుకున్నాను. ఆ పిసినారితనం నాది, దానికి ఎవరినీ అనను. కాని ఆ కాగితంలో మా ఆవిడ పేరు చూసి మాత్రం నా చెయ్యి ఆగిపోయింది.

మా ఆవిడ పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీ. ఆమె పేరు మూడు మాటలు, మూడూ సొంత పేరు గడిలోనే ఉన్నాయి. రాజమండ్రిలో ఫారం నింపిన మనిషి ఇంటిపేరు వేరే రాయనక్కరలేదన్నాడు, మేమూ సరేనన్నాము. మన వైపు ఇటువంటి పాస్‌పోర్టులు కోకొల్లలు. అమెరికా వీసా ఇచ్చినప్పుడు ఆ మూడు మాటలనూ ఇంటిపేరు గడిలోకి జరిపి, సొంత పేరు గడిలో ఎఫ్‌ఎన్‌యూ అని అచ్చు వేశారు. మొదటి పేరు తెలియదని దాని అర్థం. నలభై ఏళ్లుగా నేను రోజూ పిలుస్తున్న పేరు తెలియదట. సరే, దానికి అలవాటు పడ్డాము. ఓడ కంపెనీ ఫారంలో ఇంటిపేరు ఖాళీగా వదిలితే పేజీ ముందుకు కదలదు. అందుకని ఫోనులోని అమ్మాయి మూడో మాటను విరిచి ఇంటిపేరు గడిలో వేసింది, మొదటి మాటను సొంత పేరుగా ఉంచింది, రెండో మాటను వదిలేసింది. ఓడకు అది చెల్లిందేమో గాని అదే పేరు విమాన టిక్కెట్టుకూ పాకింది. దానికి తోడు గౌరవ వాచకమైన మిసెస్ వచ్చి మొదటి మాటకు ఖాళీ లేకుండా అతుక్కుంది. అమెరికాలో విమానం ఎక్కేవారి పేరు గుర్తింపు పత్రంలో ఎలా ఉంటే టిక్కెట్టులోనూ అలాగే ఉండాలని రవాణా భద్రతా సంస్థ 2009 నుంచి పట్టుబడుతోంది. మా ఆవిడకేమో పాస్‌పోర్టులో ఒక పేరు, గ్రీన్ కార్డులో మరో అమరిక, టిక్కెట్టులో ఎవరో మూడో మనిషి.

విమాన సంస్థకు ఫోను చేశాను. ఆరు అక్షరాల బుకింగ్ నంబరు చెప్పగానే ఆయన మర్యాదగానే, "ఈ టిక్కెట్టు మేము ఇచ్చినది కాదండీ, ఇచ్చిన ఏజెంటు మాత్రమే దీన్ని ముట్టుకోగలడు" అన్నాడు. ఏజెంటు అంటే ఓడ కంపెనీ. ఓడ కంపెనీకి చేస్తే, పేరు మార్చాలంటే టిక్కెట్టు రద్దు చేసి ఆ రోజు ధరకు మళ్లీ కొనాలనీ, మార్పు కాదు దిద్దుబాటే అనుకుంటే విమాన సంస్థ అనుమతి కావాలనీ, అది నేనే తెచ్చుకోవాలనీ చెప్పారు. విమాన సంస్థేమో అనుమతి ఏజెంటు అడిగితేనే ఇస్తాము, ప్రయాణికుడు అడిగితే ఇవ్వము అంది. మూడు వారాల్లో 11 ఫోన్లు చేశాను. లెక్క నా డైరీలో ఉంది, బ్యాంకు ఉద్యోగం నేర్పిన అలవాటు.

ఆరో ఫోనులో జరిగింది ఇప్పటికీ మింగుడు పడడం లేదు.

"మీ భార్యకు ఇంటిపేరు లేదా?" అని అడిగింది ఓడ కంపెనీ ఆవిడ.

"ఉందండీ, పాస్‌పోర్టులో లేదు."

"పాస్‌పోర్టులో లేకపోతే లేనట్టే కదా?"

"లేనట్టే అయితే మీరు టిక్కెట్టులో వేసిన ఇంటిపేరు ఎవరిదండీ?"

దానికి ఆవిడ జవాబు చెప్పలేదు. ప్రయాణికురాలి తరఫున మాట్లాడే హక్కు మీకుందో లేదో తెలియదు, ఆమెనే పిలవండి అంది. మా ఆవిడ వంటింట్లో గోంగూర వలుస్తోంది. చేతులు తుడుచుకుంటూ వచ్చి ఫోను ముందు నిలబడింది. ఇది భద్రతా పరీక్ష అని చెప్పి, మీ ఇంటిపేరు చెప్పండి అన్నారు. ఇంటిపేరు అడిగితే తెలుగు ఆడపడుచు ఏం చెబుతుంది? పెళ్లినాటి నుంచి రాసుకుంటున్న మా ఇంటిపేరు చెప్పింది. అది పాస్‌పోర్టులోనూ లేదు, టిక్కెట్టులోనూ లేదు. జవాబు సరిపోలలేదు కాబట్టి ఈ బుకింగ్‌ను 24 గంటల పాటు స్తంభింపజేస్తున్నామని చెప్పి ఫోను పెట్టేశారు. మా ఆవిడ ఒక నిమిషం అలాగే నిలబడి, "నా పేరు నేనే తప్పు చెప్పానా?" అని అడిగింది. నాకు తల ఎత్తుకోవడం కష్టమయింది.

ఇక్కడ ఒక మాట చెప్పుకోవాలి. నేను 32 ఏళ్లు బ్యాంకులో పని చేశాను. కౌంటరు దగ్గరకు వచ్చిన మనిషిని కూర్చోబెట్టి, మంచినీళ్లు ఇచ్చి, కాగితంలోని లోపం కాగితానిదే గాని మనిషిది కాదన్నట్టు మాట్లాడేవాళ్లమని నాకు చాలా గొప్పగా ఉండేది. ఆ రాత్రి నిద్ర పట్టక పడుకున్నప్పుడు మాత్రం, ఒక పొగాకు రైతు పాసుపుస్తకంలో పొడి అక్షరం ఒకటి తేడాగా ఉందని చెక్కు తిరగ్గొట్టి, ఆయన చేత మండలాఫీసుకు రెండుసార్లు తిరిగించిన సంగతి గుర్తుకొచ్చింది. ఆ రోజు ఆయనకు నేను మంచినీళ్లు ఇచ్చానో లేదో గుర్తు రాలేదు.

చివరకు పని ఇలా అయింది. నా ఫోనులో విమాన సంస్థను, మా ఆవిడ ఫోనులో ఓడ కంపెనీ విమాన విభాగాన్ని పట్టుకుని, రెండింటికీ స్పీకరు పెట్టి, భోజనాల బల్ల మీద ఒకదానికొకటి ఎదురుగా ఉప్పుడబ్బాకు ఆనించి నిలబెట్టాను. ఒక ఫోనులో వయొలిన్ సంగీతం, మరొక ఫోనులో 'మీ కాల్ మాకు ముఖ్యం' అనే పాట. 38 నిమిషాలకు రెండు వైపులా ఒకేసారి మనుషులు దొరికారు. "మీరు మీరు మాట్లాడుకోండి, నేను లేను" అన్నాను. నేను మూడు వారాలు అడిగినా దొరకని అనుమతి సంఖ్యను వాళ్లు ఆరు నిమిషాల్లో ఇచ్చి పుచ్చుకున్నారు. పాస్‌పోర్టులోని మూడు మాటలూ ఇంటిపేరు గడిలో, ఎఫ్‌ఎన్‌యూ సొంత పేరు గడిలో వేసి టిక్కెట్టు మళ్లీ రాశారు. 13 అంకెల కొత్త టిక్కెట్టు నంబరు అడిగి రాసుకున్నాను. ఈ అంకెలు లేకుండా, దిద్దేశామండీ అన్న మాట మీద ఎవరూ ఫోను పెట్టెయ్యకండి.

అయినా డాలస్ విమానాశ్రయంలో మెషీను మా ఆవిడకు బోర్డింగ్ పాసు ఇవ్వలేదు, కౌంటరుకు వెళ్లమంది. చికాగో దాకా ఒక సంస్థ విమానం, అక్కడి నుంచి దాని భాగస్వామి సంస్థది. మొదటి దాని దగ్గర కొత్త పేరు ఉంది, రెండో దాని దగ్గర పాత పేరే ఉంది. పక్కన నిలబడమన్నారు. వరుసలో మా వెనుక ఉన్నవాళ్లు ఒక్కొక్కరే మమ్మల్ని చూసుకుంటూ ముందుకు వెళ్లారు. మా ఆవిడ పెట్టె మీద కూర్చుని, పాస్‌పోర్టును రెండు చేతులతో ఒళ్లో పట్టుకుని, ఎవరి వంకా చూడకుండా ఉంది. సరిగ్గా అప్పుడే బావమరిది బార్సిలోనా నుంచి ఫొటో పంపాడు. సముద్రం ఒడ్డున కాఫీ కప్పు. వాళ్లు రెండు రోజుల ముందే వెళ్లారు. నేను జవాబు ఇవ్వలేదు. 50 నిమిషాల తరువాత ఒక పెద్దావిడ వచ్చి, నా చీటీలోని 13 అంకెలు కొట్టి చూసి, భాగస్వామి సంస్థకు ఫోను చేసి, రెండు నిమిషాల్లో పాసు తీసి ఇచ్చింది. ఇంతా చేసి, ఫ్రాంక్‌ఫర్ట్‌లో నిజంగా అధికారం ఉన్న సరిహద్దు అధికారి ఆ పాస్‌పోర్టును అటూ ఇటూ తిప్పి, ఒక్క ప్రశ్న వెయ్యకుండా పంపించేశాడు.

ఓడ కంపెనీకి చెందవలసిన మెచ్చుకోలు కూడా చెప్పాలి. చికాగో విమానం ఆలస్యమై ఫ్రాంక్‌ఫర్ట్‌లో మా తరువాతి విమానం తప్పిపోయింది. వాళ్ల అత్యవసర నంబరుకు ఫోను చేస్తే అప్పటికే వాళ్ల దగ్గర మా పేర్లున్నాయి, సరైన పేర్లే ఉన్నాయి. తరువాతి విమానంలో మాకు చోటు దొరికిందని నాకన్నా ముందు వాళ్లకే తెలుసు. బార్సిలోనాలో చివరి బస్సును మా కోసం అరగంట ఆపారు. ఓడ 6 గంటలకు కదలవలసి ఉండగా మేము 3:40కి రేవులో ఉన్నాము. ఇదే బావమరిదికి జరిగి ఉంటే తరువాతి రేవుకు తన ఖర్చుతో తానే వెతుక్కుంటూ పోవాలి. అయితే అతనికి ఇది జరిగే అవకాశమే లేదు, రెండు రోజుల ముందే అక్కడ ఉన్నాడు కదా.

తిరుగు ప్రయాణంలో మా ఇద్దరికీ వేరు వేరు వరుసల్లో నడిమి సీట్లు వచ్చాయి. ఓడ కంపెనీ తీసుకునే చవక టిక్కెట్లలో సీటు ఎంచుకునే వీలు చివరిదాకా ఉండదు. లండన్‌లో విమానం మారడానికి వేరే వీసా కావాలేమోనని భయపడ్డాను గాని, అమెరికా గ్రీన్ కార్డు ఉన్నవారికి అక్కరలేదు. సివితావెక్కియా నుంచి రోము విమానాశ్రయానికి మేము ఓడ కంపెనీ బస్సులో కునికిపాట్లు పడుతూ వెళ్లాము. డబ్బు ఆదా చేస్తానని రైలెక్కిన బావమరిది త్రాస్తెవెరే స్టేషనులో రైలు మారడానికి రెండు పెద్ద పెట్టెలు మోసి మోకాలు పట్టేయించుకున్నాడు. అది విని నాకు కలిగిన సంతోషాన్ని మా ఆవిడ ముందు దాచుకున్నాను.

పాస్‌పోర్టులో పేరు సవ్యంగా, రెండు గడుల్లో నిండుగా ఉన్నవారు ఓడ కంపెనీ దగ్గర టిక్కెట్టు నిస్సంకోచంగా తీసుకోవచ్చు, ముఖ్యంగా ఓడ రోజునే దిగేవారు. మా ఆవిడ లాంటి పేరు ఉన్నవారు మాత్రం 430 డాలర్లకు ఆశపడవద్దు. నేరుగా విమాన సంస్థ దగ్గర, ప్రయాణానికి కనీసం 7 రోజుల ముందు కొంటే, 24 గంటల లోపల రుసుము లేకుండా రద్దు చేసుకునే వెసులుబాటో, అన్ని గంటలు ధర నిలిపి ఉంచుకునే వెసులుబాటో ఇవ్వాలని అమెరికా రవాణా శాఖ నియమం. పేరు తప్పు పడితే ఆ రోజే మళ్లీ కొనుక్కోవచ్చు. మధ్యలో మరొకరి చేత కొనిపిస్తే ఆ నియమం వర్తించదు. ఇక ఫోనులో మీ పని అయిపోయింది అని తియ్యగా చెప్పేవాళ్లను నమ్మకండి, విసుక్కుంటూనే నంబరు చదివి వినిపించేవాళ్లను నమ్మండి.

పాస్‌పోర్టుకు గడువు ఇంకా చాలా ఉన్నా, పేరు సరిచేయించుకోవడానికి కొత్తది తీసుకోవాలని నిశ్చయించుకున్నాము. నిన్న ఫారం అచ్చు తీసి మా ఆవిడ ముందు పెట్టి, ఇంటిపేరు గడిలో మన ఇంటిపేరు రాయమన్నాను. ఆమె పెన్ను తీసుకుని, "పుట్టింటిదా, అత్తింటిదా?" అని అడిగింది. ఆమె తమ్ముడి టిక్కెట్టు మీద ఉన్నది పుట్టింటిదే. ఫారం ఇంకా భోజనాల బల్ల మీద, ఉప్పుడబ్బా కింద ఉంది.