ఊరి గడి, జిల్లా గడి

ఈ సంచిక చివర వేసిన పూర్వ విద్యార్థుల జాబితాను కంప్యూటర్లోకి ఎక్కించే పని సంఘంవాళ్లు నాకు అప్పజెప్పారు. డేటాబేసుల మీద బతికేవాణ్ణి, కాదనలేకపోయాను. పాత అడ్మిషన్ రిజిస్టర్లు ముందేసుకుని కూర్చుంటే మొట్టమొదట ఊరి గడి దగ్గరే బండి ఆగింది. మన ఊరినే ఒక గుమస్తాగారు పర్లాకిమిడి అని రాశారు, ఇంకొకాయన పర్లాఖెముండి అన్నారు, మూడో ఆయన ఓపిక లేక ఉత్త కిమిడి అని వదిలేశారు. మనకి మూడూ ఒకటే. యంత్రానికి మూడూళ్లు.

లెక్కల మాస్టారు గుర్తొచ్చారు. సమితుల పాఠం రోజున బోర్డు మీద రెండు గుండ్రాలు గీసి, ఎడమదాంట్లో మా పేర్లు, కుడిదాంట్లో కాశీనగర్, గుణుపురం, నౌపడ అని ఊళ్లు రాసి, మా చేత బాణాలు వేయించారు. ఒక్కొక్క పేరు నుంచి ఒక్కటే బాణం బయల్దేరితే అది ప్రమేయం, ఎన్ని బయల్దేరినా సంబంధమే. ఒకే ఊరి మీదికి ఎన్ని బాణాలొచ్చి పడ్డా ఫరవాలేదు. వెనక బెంచీవాడొకడు లేచి, "మాస్టారూ, నాకు రెండూళ్లండి. ఆదివారమొస్తే పాతపట్నం అమ్మమ్మగారింట్లోనే ఉంటానండి" అన్నాడు. "అయితే నీవల్ల ప్రమేయం చెడిందిరా, ఒట్టి సంబంధం మిగిలింది" అన్నారాయన. క్లాసు గొల్లుమంది. ఆ ఏడాదంతా వాణ్ణి 'సంబంధం' అనే పిలిచాం.

ఆ బాణాలే ఇవాళ నాకు అన్నం పెడుతున్నాయి. 1970 జూన్‌లో, ఐబీఎంలో పనిచేస్తున్న ఎడ్గర్ కాడ్ అనే ఇంగ్లండు గణితజ్ఞుడు ఒక వ్యాసం అచ్చువేశాడు. అప్పటిదాకా సమాచారాన్ని కొమ్మలూ రెమ్మలుగానో, గొలుసులుగానో అల్లిపెట్టేవారు. ఏ దారిన పోతే ఏది దొరుకుతుందో ప్రోగ్రాము రాసేవాడే ఎరిగి ఉండాలి. అల్లిక మారిందా, ప్రోగ్రాము తిరగరాసుకోవాలి. పట్టిక అంటే ఆ సంబంధమే, ఒక్కో బాణం ఒక్కో వరస, అంటే వరసల సమితి అన్నాడు కాడ్. సమితి గనక వరసల్లో ముందూ వెనకా లేదు, ఒకే వరస రెండుసార్లు రాదు. ఏం కావాలో అడిగితే చాలు, దారి యంత్రం వెతుక్కుంటుంది. 1981లో ఆయనకి కంప్యూటర్ రంగంలో అన్నిటికన్నా పెద్దదైన ట్యూరింగ్ అవార్డు ఇచ్చారు. (ఇలాంటి పట్టికలను అడగడానికి తర్వాత వచ్చిన భాష ఎస్క్యూఎల్ ఒకే వరసను ఎన్నిసార్లయినా రానిస్తుంది. ఆ కినుక నాకింకా పోలేదు.)

ఇక జిల్లా సంగతి. మన రిజిస్టర్లలో ప్రతి పిల్లాడికీ ఊరి పక్కన జిల్లా కూడా రాశారు. 1992 అక్టోబరు 2న గంజాం నుంచి విడదీసి గజపతి జిల్లా చేశారు కదా, అలాంటప్పుడు ప్రతి వరసా దిద్దాలి. ఒక్కటి తప్పినా ఒకే ఊరు రెండు జిల్లాల్లో కనిపిస్తుంది. పిల్లాణ్ణి బట్టి ఊరు, ఊరిని బట్టి జిల్లా తేలుతున్నప్పుడు జిల్లాకి పిల్లల పట్టికలో పనిలేదు. ఊళ్లకీ జిల్లాలకీ వేరే పట్టిక కట్టాలి. పట్టికలు ఎలా కట్టాలో 1971లో కాడ్ చెప్పిన నియమం, మూడో నార్మల్ ఫామ్, దాని సారం ఇదే.

అలాగని ఎక్కడపడితే అక్కడ కోయకూడదు. కాశీనగర్ నుంచి ఒకడు 1978లో, ఒకడు 1985లో చేరారనుకోండి. పేరు–ఊరు ఒక పట్టిక, ఊరు–సంవత్సరం ఒక పట్టిక చేసి మళ్లీ కలిపితే రెండు వరసలకి నాలుగు వస్తాయి. ఇద్దరూ రెండేసి సార్లు చేరినట్టు. ఊరిని బట్టి సంవత్సరం తేలదు, అందుకే ఈ అబద్ధం పుట్టింది. ఊరిని బట్టి జిల్లా తేలుతుంది గనక అక్కడ కోసి కలిపితే ఏమీ పోదు, ఏమీ పుట్టదు.

మరి మన ఊరి నుంచి 1980లో చేరినవాడి జిల్లా ఏమిటి? అప్పటికది గంజామే. ఒడిశా ఏర్పడిన 1936 ఏప్రిల్ 1కి ముందైతే మద్రాసు ప్రెసిడెన్సీలోని గంజాం. గజపతి అని దిద్దడం నాకు నచ్చలేదు. ఊరు ఒక్కటే చాలదు, తేదీ కూడా చెబితేనే జిల్లా తేలుతుంది. ఊళ్ల పట్టికలో 'ఎప్పటి నుంచి', 'ఎప్పటి వరకు' అని రెండు గడులు కలిపాను. జాబితాలో మీ పేరు పక్కన పాత జిల్లా కనిపిస్తే అచ్చుతప్పు కాదు.

నిజమైన తప్పులుంటే సంఘానికి రాయండి. పేరొక్కటే రాస్తే లాభం లేదు. అప్పారావులు బోలెడుమంది, తండ్రి పేరూ కలిసినవాళ్లున్నారు. టీసీ మీదున్న అడ్మిషన్ నంబరు వేయండి. కొత్త రిజిస్టరు తెరిచినప్పుడల్లా నంబర్లు ఒకటి నుంచి మొదలయ్యాయి, కాబట్టి చేరిన సంవత్సరం కూడా వేయండి.