ప్లేటింగా, స్లీవా?

పరాయి దేశంలో ఇంజన్ షాపులో చేరిన రెండో ఏడాది మాట. మా ఫోర్‌మన్ బెంచీ మీద పాడైపోయిన 250 సీసీ టూ స్ట్రోక్ ఇంజన్ సిలిండర్ పెట్టి, "నువ్వైతే ఏం చేస్తావ్? సాయంత్రం చెప్పు" అన్నాడు.

అంతకుముందు పనిచేసిన చోట ఏం చేయాలో పెద్దవాళ్లు చెప్పేవారు, నేను చేసేవాణ్ణి. నీ అభిప్రాయం ఏమిటని ఎవరూ అడగలేదు. టెన్షన్ పట్టుకుంది.

నా చేతిలో పడ్డ సిలిండర్లన్నీ లోపల పోత ఇనుప లైనర్ (పిస్టన్ ఆడే గొట్టం) ఉన్నవే. అరిగితే బోర్ కొట్టి, అంటే లోపలి రంధ్రాన్ని కాస్త పెద్దది చేసి, ఓవర్‌సైజ్ పిస్టన్ వేయడం, ఇక కొట్టే చోటు లేకపోతే స్లీవ్, అంటే ఆ లోపలి గొట్టాన్నే, మార్చడం. అందుకే నోటిదాకా వచ్చిన మాట "స్లీవ్ వేద్దాం". ఆగాను. దీని గోడ అల్యూమినియం, దాని మీద నికాసిల్ పూత (ప్లేటింగ్). నికెల్‌లో సిలికాన్ కార్బైడ్ రేణువులు కలిపి వేసే ఈ పూతను 1967లో మాలే కంపెనీ మొదట రోటరీ ఇంజన్ల కోసం తెచ్చింది. మందం సాధారణంగా మిల్లీమీటర్‌లో పదో వంతు కూడా ఉండదు. పిస్టన్ రింగులు రాసుకునేది ఆ పొర మీదే.

పిస్టన్ పట్టేసిన, అంటే వేడికి గోడకు కరుచుకుని ఆగిపోయిన, ఇంజన్ అది. పొగ బయటికి పోయే ఎగ్జాస్ట్ పోర్ట్ వైపు నాలుగు నిలువు చారలు. పూత లేచిపోయిందా, పిస్టన్ అల్యూమినియం అంటుకుందా అన్నది చూపుతో తేలదు. పుల్లకు దూది చుట్టి హైడ్రోక్లోరిక్ యాసిడ్ కొద్దిగా తాకించాలి. అంటుకున్న అల్యూమినియం బుడగలతో కరుగుతుంది, నికెల్ అంత తేలిగ్గా లొంగదు. బుడగలు ఆగితే కింద పూత ఉన్నట్టు. ఆగకపోతే యాసిడ్ సిలిండర్‌నే తింటోంది, వెంటనే నీళ్లతో కడిగేయాలి. గ్లవ్స్, కళ్లద్దాలు లేకుండా దయచేసి ఈ పని చేయకండి.

మూడు చారలు శుభ్రంగా పోయాయి. నాలుగోదాని దగ్గర, సరిగ్గా పోర్ట్ అంచున, బుడగలు ఆగలేదు. కడిగి చూస్తే గోరు తగిలేంత పెచ్చు ఊడి ఉంది.

సాయంత్రం ఫోర్‌మన్‌కి చెప్పడానికి వాళ్ల భాషలో మాటలు చాలలేదు. నేల మీద సుద్దముక్కతో బొమ్మ గీశాను. స్లీవ్ పట్టాలంటే లోపలి అల్యూమినియం చెక్కాలి. ఇంధనం సిలిండర్‌లోకి వచ్చే ట్రాన్స్‌ఫర్ పోర్టుల మధ్య గోడలు ముందే పల్చన, ఇంకా బలహీనపడతాయి. వేడికి అల్యూమినియం ఇనుముకన్నా దాదాపు రెట్టింపు సాగుతుంది కాబట్టి స్లీవ్ పట్టు సడలుతుంది, వేడి బయటికి పోవడమూ తగ్గుతుంది. అందుకే పాత పూత తీసి, వెల్డింగ్‌తో గుంట పూడ్చి, మళ్లీ ప్లేటింగ్ చేయించాలన్నాను. ప్లేటింగ్‌కీ ఇబ్బంది ఉంది. మళ్లీ దెబ్బ తగిలితే షాపులో బోర్ కొట్టి సరిచేయలేం, సిలిండర్ మళ్లీ బయటికి పంపాల్సిందే. అదే ఇనుప లైనర్ ఉన్న పాత ఇంజన్ అయితే ప్లేటింగ్ జోలికి పోయేవాణ్ణే కాదు, బోర్ కొట్టేవాణ్ణి.

ఆయన బొమ్మంతా చూసి, "ఎందుకు పట్టేసిందో చూశావా?" అని అడిగాడు.

చూడలేదు. పొద్దున్నుంచీ గోడనే చూస్తూ కూర్చున్నాను.

సిలిండర్, హెడ్ తిరిగి బిగించి, ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ మూసి, కొద్దిగా గాలి నింపాం. గేజ్ ముల్లు నిలబడలేదు. సబ్బునీళ్లు రాస్తే మాగ్నెటో (స్పార్కుకు కరెంట్ ఇచ్చే భాగం) వైపు, క్రాంక్ షాఫ్ట్ చుట్టూ ఉండే సీల్ దగ్గర నురగ లేచింది. అక్కడ గాలి లాగడం వల్ల గాలిలో పెట్రోల్ వంతు తగ్గి పిస్టన్ కాలింది. ఆ సీల్ మార్చకుండా ప్లేటింగ్ చేయించి ఉంటే కొత్త పూతకూ ఇదే గతి పట్టేది.

మర్నాడు కొత్త పిస్టన్‌ను కూడా సిలిండర్‌తో కలిపి ప్యాక్ చేశాను, ప్లేటింగ్ చేసేవాళ్లు దాన్ని కొలిచి బోర్ సైజు తేల్చడానికి. జాబ్ కార్డు మీద "ప్లేటింగ్" అని రాసి, కింద సంతకం నన్నే పెట్టమన్నాడు ఫోర్‌మన్.