ఒక పాటగాడు తన పాట తనదేనని రుజువు చూపించాల్సి వచ్చింది: నా అనుభవం

మొన్న రాత్రి పదకొండు దాటాక మెయిల్ వచ్చింది. నేను యూట్యూబ్‌లో పెట్టిన ఒక పాట మీద, అది తమదంటూ ఒక మ్యూజిక్ కంపెనీ వేసిన క్లెయిమ్ వెనక్కి తీసుకున్నారట. వీడియో తెరిచి చూస్తే పాట ఆడుతోంది. వెంటనే ఆ పాట కట్టి పాడిన కుర్రాడికి ఫోన్ చేశాను, నేను తమ్ముడు అనే పిలుస్తాను. కాసేపు అవతల నుంచి మాటే లేదు. తర్వాత, "అన్నా, అమ్మకు ఇనిపిచ్చి మళ్ల చేస్త" అని పెట్టేశాడు. 39 రోజులు పట్టింది. కోపం ఇంకా చల్లారలేదు, అందుకే వివరాలు మరిచిపోకముందే రాస్తున్నాను.

నేను జీడిమెట్లలో ఒక మందుల కంపెనీలో పని చేస్తాను. శని, ఆదివారాలు మాత్రం తమ పాట తామే రాసుకుని, వరస కట్టుకుని పాడేవాళ్ల ప్రోగ్రాములకు వెళ్లి రికార్డు చేసి యూట్యూబ్‌లో పెడతాను. మూడేళ్లయింది. ఒక్క రూపాయి రాలేదు, రావాలనీ లేదు. హైదరాబాద్‌లో ఇలాంటి పాటకు చోటు మెల్లగా పెరిగింది. బంజారాహిల్స్‌లో లామకాన్ అనే సాంస్కృతిక వేదిక 2010లో మొదలైంది. ఆ తర్వాత కఫేల్లో, పుస్తకాల షాపుల్లో, చిన్న చిన్న హాళ్లలో ముప్పై నలభై మంది కూర్చుని వినే ప్రోగ్రాములు వస్తూనే ఉన్నాయి. "తెలుగులో సినిమా పాట తప్ప ఏముంది?" అని అడిగేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. తానే రాసి తానే పాడేవాడికి వాగ్గేయకారుడు అని పేరు పెట్టుకున్న భాష మనది. అన్నమయ్య నుంచి గద్దర్, గూడ అంజయ్య, గోరటి వెంకన్న దాకా మన దగ్గర పాట అలాగే నడిచింది. అన్నమయ్య కీర్తనలు వేల సంఖ్యలో రాగిరేకుల మీద మిగిలాయి. పాటల మీద రాగం పేరుంది. ఆయన పాడిన వరస మాత్రం చాలావాటికి మిగల్లేదు. ఈ రోజు మనం వింటున్న వాటిలో చాలా వరసలు తర్వాతివాళ్లు కట్టినవే. నేను రికార్డర్ పట్టుకుని తిరిగేది అందుకే. మాట రాసుకుంటే ఉంటుంది, వరస మాత్రం పాడినవాడితో పోతుంది.

ఈ తమ్ముడిది సిరిసిల్ల దగ్గర ఊరు. వాళ్ల నాన్న సాంచె నడుపుతాడు. మరమగ్గాన్ని అక్కడ అందరూ సాంచె అనే అంటారు. ఆ సాంచె చప్పుడు మీద తమ్ముడు ఒక పాట కట్టాడు. గిటార్ తీగల మీద అరచెయ్యి ఆనించి కొడతాడు, టకటక టకటక అని పాట పొడుగునా అదే నడక. చివర్లో రాత్రిపూట కరెంటు పోతుంది, సాంచె ఆగిపోతుంది, ఆ చప్పుడు లేక నాన్నకు నిద్ర పట్టదు. అక్కడ చెయ్యి ఠక్కున ఆపేస్తాడు. మాదాపూర్ వైపు ఒక కఫేలో మొదటిసారి విన్నప్పుడు రెండు క్షణాలు ఎవరూ చప్పట్లు కూడా కొట్టలేదు.

రికార్డింగ్ పెద్ద కష్టమేమీ కాలేదు. కఫే ఓనర్‌ను వారం ముందే అడిగాను. పాడేవాళ్లందరి దగ్గరా సంతకం తీసుకున్నాను. సౌండ్ చూసే అన్న, మైకుల సౌండ్లన్నీ కలిపే మిక్సర్ నుంచి ఒక లైన్ ఇచ్చాడు. ఇంకో రెండు మైకులు గదిలో పెట్టాను. మిక్సర్ లైన్ ఒక్కటే నమ్ముకుంటే గొంతు చెవిలో అరిచినట్టు, గిటార్ ఎక్కడో పక్కింట్లో ఉన్నట్టు వస్తుంది. చిన్న గదిలో గిటార్ చప్పుడు సగం నేరుగానే జనానికి చేరుతుంది కాబట్టి మిక్సర్‌లో దాన్ని ఎక్కువ పెట్టరు. అందుకే రెండూ తీసుకుని కలపాలి. రికార్డర్‌లో సౌండ్ లెవెల్ మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర పెట్టుకోండి. అంతకంటే ఎక్కువ పెడితే, పాట మధ్యలో గొంతు పెంచినప్పుడు సౌండ్ పగిలిపోతుంది, పగిలిన సౌండును ఎవరూ బాగు చేయలేరు. మొదట్లో ఒక చప్పట కొట్టండి, వీడియోతో కలపడానికి పనికొస్తుంది. పాట నడిచినంతసేపు కాఫీ మెషీన్ ఆపమని అడగండి. అడిగితే ఆపుతారు. నేను తీసిన ఈ రికార్డింగ్, ఇదే పాటకు ఇదివరకే ఉన్న స్టూడియో రికార్డింగ్ కంటే బాగుంటుంది. గొప్ప కోసం చెప్పడం లేదు, విన్నవాళ్లంతా అదే మాట అన్నారు.

అసలు కథ అప్‌లోడ్ దగ్గర మొదలైంది. పది నిమిషాలు కూడా కాలేదు, ఎర్ర అక్షరాల్లో వచ్చింది: ఈ వీడియోలో కాపీరైట్ ఉన్న సంగీతం ఉంది, చూపించడం కుదరదు. హక్కుదారు ఎవరని చూస్తే ఏదో మ్యూజిక్ కంపెనీ. నాకు తల తిరిగిపోయింది. పాట రాసినవాడు, కట్టినవాడు, పాడినవాడు ఒక్కడే, తీసింది నేను. మధ్యలో ఈ మూడోవాడు ఎవరు?

తమ్ముడికి ఫోన్ చేస్తే అటువైపు చాలాసేపు నిశ్శబ్దం. తర్వాత మెల్లగా చెప్పాడు. రెండేళ్ల కింద ఒక చిన్న కంపెనీవాళ్లు స్టూడియో ఖర్చు పెట్టుకుని ఈ పాటను రికార్డు చేశారు. ఇంగ్లీషులో నాలుగు పేజీలు ఇస్తే చాయ్ బండి దగ్గర నిలబడి సంతకం పెట్టాడు. చేతికి డబ్బులేమీ రాలేదు. ఆ కంపెనీ పాటను యూట్యూబ్ ఆటోమేటిక్ సిస్టంలో ఎక్కించింది. ఆ సిస్టం వరసను కూడా పోల్చి చూస్తుంది. నా వీడియోలో వాళ్ల రికార్డింగ్ ఒక్క సెకను కూడా లేదు. అయినా వరస కలిసింది కాబట్టి పట్టేసింది.

నేను తీసుకునే సంతకం కాగితంలో "ఈ పాటను ఇదివరకు ఎవరికైనా రాసిచ్చారా?" అనే ప్రశ్న లేదు. ఇప్పుడు మొట్టమొదటి ప్రశ్న అదే.

అభ్యంతరం పెట్టాను. జవాబివ్వడానికి ఆ కంపెనీకి 30 రోజుల గడువుంటుంది. సరిగ్గా 29వ రోజు ఒక్క ముక్కలో తిరస్కరించారు, కారణం రాయలేదు. వీడియోను పూర్తిగా ఆపేసిన కేసుల్లో ఈ మొదటి మెట్టు ఎక్కకుండా నేరుగా అప్పీలుకు వెళ్లొచ్చని, అక్కడ గడువు 7 రోజులేనని నాకు తర్వాత తెలిసింది. మీరు నాలాగా నెల రోజులు పోగొట్టుకోకండి. కాకపోతే అప్పీలులో ఒక భయం ఉంది. అవతలివాళ్లు పంతానికి పోయి వీడియో తీసేయమని నోటీసు ఇస్తే ఛానల్ మీద స్ట్రైక్ పడుతుంది. అలాంటివి మూడు పడితే ఛానలే పోతుంది. మూడేళ్లలో పెట్టిన అరవై పాటలు, అరవై మంది గొంతులు. ఆ టెన్షన్‌లో, ముందు మనుషులతో మాట్లాడి చూద్దామనుకున్నాను.

నేను చేసిన తప్పు అదే. యూసఫ్‌గూడ దగ్గర వాళ్ల ఆఫీసు. తమ్ముడు తెల్లవారుజామున బస్సెక్కి వచ్చాడు. పదకొండుకు రమ్మన్నారు. ఒంటిగంటన్నర దాకా మెట్ల పక్కన ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చోబెట్టారు. మంచినీళ్లు కూడా అడిగి తెచ్చుకున్నాం. లోపలికి వెళ్లాక మేనేజర్ మమ్మల్ని కూర్చోమనలేదు.

"ఏంటి నీ గొడవ?" అన్నాడు తమ్ముడితో.

"సార్, నా పాట సార్. నేనే రాసిన, నేనే పాడిన."

"నీ పాటా? ఏది, పాడు చూద్దాం."

గదిలో ఇంకో నలుగురున్నారు. ఒకతను అన్నం తింటున్నాడు. నేను వద్దని చెయ్యి పట్టుకునేలోపే తమ్ముడు బ్యాగు కింద పెట్టి మొదలుపెట్టాడు. గిటార్ లేదు కాబట్టి తొడ మీద అరచేత్తో దరువు వేసుకుంటూ పల్లవి, ఒక చరణం పాడాడు. మేనేజర్ ఫోన్ చూసుకుంటూనే ఉన్నాడు. పాట ఆగాక తల ఎత్తకుండా, "ఇలా ఎవడైనా పాడతాడు, ఇందులో ప్రూఫ్ ఏముంది?" అన్నాడు. అన్నం తింటున్నతను నవ్వాడు.

తర్వాత నా వైపు తిరిగి, "మైకు కొనుక్కున్న ప్రతోడూ ఛానల్ పెట్టేస్తున్నాడు" అన్నాడు. ఎనిమిది వేలు కడితే ఆ ఒక్క వీడియోకు లైసెన్స్ రాసిస్తాడట. తన పాట తాను పాడుకున్నందుకు ఎనిమిది వేలు! తమ్ముడు జేబులో చెయ్యి పెట్టాడు. బస్సు చార్జీలు పోగా అతని దగ్గర ఎంతుంటుందో నాకు తెలుసు. చెయ్యి పట్టుకుని బయటికి తీసుకొచ్చేశాను. కృష్ణానగర్ దాకా నడిచాం, ఇద్దరం ఒక్క మాట మాట్లాడుకోలేదు. పాడమన్నప్పుడు అతను పాడాడే, నేను నోరు విప్పి ఆపలేకపోయానే అని ఇప్పటికీ గుండె కోసినట్టే ఉంటుంది. కళాకారుణ్ని నిలబెట్టి పాడించి నవ్వినవాళ్లు పాటల వ్యాపారం ఎందుకు చేస్తున్నట్టు?

ఆ సాయంత్రం నా చిన్ననాటి స్నేహితుడైన ఒక వకీలు దగ్గరికి వెళ్లాం. ఆ నాలుగు పేజీల ఫోటోలు తమ్ముడి ఫోన్‌లో ఉండటం మా అదృష్టం. వకీలు రెండుసార్లు చదివి చెప్పిన విషయం ప్రతి పాటగాడూ తెలుసుకోవాలి. ఒక పాటలో సాహిత్యం మీద ఒక హక్కు, వరస మీద ఒక హక్కు, రికార్డింగ్ మీద ఇంకో హక్కు ఉంటాయి. మూడూ వేరు వేరు. డబ్బు పెట్టి రికార్డు చేయించినవాడికి ఆ రికార్డింగ్ దక్కుతుంది. సాహిత్యం, వరస మాత్రం రాసి సంతకం పెట్టి ఇస్తే తప్ప పోవు. 1957 కాపీరైట్ చట్టం 19వ సెక్షన్ ప్రకారం ఏ పాట, ఏ హక్కు, ఎంత కాలం, ఏ ప్రాంతానికి ఇస్తున్నారో కాగితంలో ఉండాలి. కాలం రాయకపోతే అయిదేళ్లే, ప్రాంతం రాయకపోతే ఇండియా వరకే. పాడినవాడికి ప్రదర్శన మీద కూడా విడిగా హక్కుంది, 38వ సెక్షన్‌లో. అతని అనుమతి లేకుండా నేను రికార్డు చేసినా తప్పే. తమ్ముడి కాగితంలో రాసిచ్చింది "సౌండ్ రికార్డింగ్" ఒక్కటే. సాహిత్యం, వరసల ఊసే లేదు.

అంటే కఫేలో అతను పాడిన పాట మీద వాళ్లకు ఏ హక్కూ లేదు.

అప్పీలు రాయడానికి రెండు రాత్రులు పట్టింది. కోపంతో రాసిందంతా వకీలు కొట్టేశాడు. ఆ కాగితంలోని ఆ ఒక్క లైను, కఫేలో తీసిన తేదీ, తమ్ముడి సంతకం, వాళ్ల రికార్డింగ్ ఇందులో వాడలేదన్న ఒక్క వాక్యం మిగిలాయి. అవసరమైతే ఉంటుందని తమ్ముడు తన పాత నోట్‌బుక్ కూడా తెచ్చాడు. ఆ పేజీలో మొదట "మగ్గం" అని రాసి, కొట్టేసి, పక్కన "సాంచె" అని రాసుకున్నాడు. ఫోన్‌లో మొదటిసారి వరస కట్టినప్పటి రికార్డు కూడా ఉంది, స్టూడియోకు వెళ్లడానికి ఏడు నెలల ముందుది. వెనకాల వాళ్ల నాన్న సాంచె నిజంగానే నడుస్తోంది, అతను దానికి అందుకుని పాడుతున్నాడు. మధ్యలో అమ్మ అన్నానికి పిలుస్తుంది. అది విన్నాక వకీలు కూడా కాసేపు ఏమీ మాట్లాడలేదు. మీ పాట మొదటి రూపాన్ని ఫోన్‌లో రికార్డు చేసుకోండి, ఎంత బాగా లేకపోయినా చెరిపేయకండి. తేదీ దానంతటదే పడుతుంది.

అప్పీలు పంపిన ఏడో రోజు రాత్రి ఆ మెయిల్ వచ్చింది. క్షమాపణ లేదు, వివరణ లేదు.

తమ్ముడు గంట తర్వాత మళ్లీ ఫోన్ చేశాడు. అమ్మ రెండుసార్లు విన్నదట, చివర్లో ఒక మాట అన్నదట: "కరెంటు పోతే సాంచె ఒక్కపారి ఆగదు బిడ్డా, నాలుగు దెబ్బలు మెల్లమెల్లగ కొట్టి ఆగుతది."

"గది మార్చాలె అన్నా" అన్నాడు.

వచ్చే శనివారం అదే కఫేలో పాడుతున్నాడు. గదిలో పెట్టే రెండు మైకుల్లో ఒకటి ఈసారి అతని కుడిచేతికి దగ్గరగా పెడతాను.