టెర్మినల్ నుంచి సీఎన్‌సీ కంట్రోలర్‌తో మాట్లాడిన నా అనుభవం

చెక్కపై తెలుగు అక్షరాలతో నేమ్‌ప్లేట్లు చెక్కడానికి నా దగ్గర ఒక చిన్న సీఎన్‌సీ యంత్రం, అంటే కంప్యూటర్ ఆదేశాలతో నడిచే చెక్కుడు యంత్రం ఉంది. దాని మోటార్లను నడిపే కంట్రోలర్ ఆర్డునో ఊనో తరహా చిన్న సర్క్యూట్ బోర్డు. అందులో పనిచేసేది 2009లో సిమెన్ స్వాలే స్కోగ్స్‌రూడ్ మొదలుపెట్టిన జీఆర్‌బీఎల్ అనే ఫర్మ్‌వేర్, అంటే బోర్డులోనే ఉండే ప్రోగ్రామ్. పాత బోర్డు కాలిపోవడంతో కొత్తది కొని, 1.1 వెర్షన్ ఎక్కించి పని మొదలుపెడితే, 160 మిల్లీమీటర్లు రావలసిన పలక 100 మిల్లీమీటర్లకే ముగిసింది. పైగా యంత్రం ఎడ్లబండిలా నడిచింది. కంప్యూటర్‌లోని సాఫ్ట్‌వేర్ మాత్రం పని విజయవంతంగా పూర్తయిందని ప్రకటించింది. ఇక మధ్యవర్తి లేకుండా, ఆదేశాలు టైప్ చేసే టెర్మినల్ నుంచి నేరుగా కంట్రోలర్‌నే అడగాలని నిశ్చయించుకున్నాను.

నాది లినక్స్ కంప్యూటర్. బోర్డును యూఎస్‌బీకి కలిపే సీహెచ్340 చిప్ అందులో టీటీవైయూఎస్‌బీ0 అనే పోర్టుగా కనిపించింది కానీ, తెరవడానికి అనుమతి లేదన్న సందేశం వచ్చింది. ఇలాంటి పోర్టులు తెరిచే అనుమతి ఉన్న డయలౌట్ గ్రూపులో నన్ను చేర్చుకుని, లాగౌట్ అయి తిరిగి వచ్చాక ఆ అడ్డు తొలగింది. టెర్మినల్‌లో ‘స్క్రీన్’ అనే ప్రోగ్రామ్‌తో పోర్టు తెరిచినప్పుడు సమాచారం పంపే వేగం (సెకనుకు ఎన్ని బిట్లో) ఇవ్వడం మరిచాను. అది 9600 అనుకుంది, జీఆర్‌బీఎల్ మాట్లాడేది 115200 వేగంతో, కనుక తెరమీద పిచ్చి గీతలు తప్ప ఏమీ రాలేదు. వేగం సరిచేశాక పలకరింపు వాక్యం శుభ్రంగా వచ్చింది. పోర్టు తెరిచిన ప్రతిసారీ బోర్డు రీసెట్ అవుతుంది కాబట్టే ఆ వాక్యం వస్తుంది. అందువల్ల యంత్రం కదులుతుండగా ఈ పని ఎన్నడూ చేయకూడదు.

నేను కొట్టిన అక్షరాలు తెరపై కనిపించకపోవడంతో కీబోర్డు చెడిందేమోనని కాసేపు అనుమానించాను. జీఆర్‌బీఎల్ మనం పంపినదాన్ని తిరిగి పంపదు, జవాబు మాత్రమే ఇస్తుంది. ప్రశ్నార్థకం నొక్కితే ఎంటర్ కూడా అక్కరలేకుండానే యంత్రం స్థితి, చెక్కే ముక్కు ఉన్న చోటు చెబుతుంది. డాలర్ గుర్తును రెండుసార్లు కొట్టి ఎంటర్ నొక్కగానే సెట్టింగుల జాబితా మొత్తం దిగింది, అందులోనే దోషమూ దొరికింది: $100, $101, $102 మూడింటిలోనూ 250. మిల్లీమీటరుకు మోటారు వేయవలసిన అడుగుల సంఖ్య అది. నా మోటారు ఒక చుట్టుకు 200 అడుగులు వేస్తుంది, డ్రైవర్ ఒక్కొక్క అడుగును 16 భాగాలు చేస్తుంది, ఆ 3200 భాగాలకు లీడ్ స్క్రూ (మోటారు తిప్పే మరల కడ్డీ) ముక్కును 8 మిల్లీమీటర్లు జరుపుతుంది. అంటే ఉండవలసింది 400. గరిష్ఠ వేగం కూడా నిమిషానికి 500 మిల్లీమీటర్లే. కొత్త ఫర్మ్‌వేర్ తన సొంత విలువలతోనే వచ్చిందన్నమాట.

యంత్రంతో వచ్చిన కాగితంలోని విలువలన్నీ ఒక ఫైల్‌లో రాసుకుని, ఒక్కసారిగా టెర్మినల్‌లో పేస్ట్ చేయడం నా పెద్ద పొరపాటు. కొన్ని పంక్తులకు ‘ఓకే’ వచ్చింది, కొన్నింటికి ఎర్రర్ 1 వచ్చింది, కొన్ని జాడ లేకుండా పోయాయి. ప్రతి సెట్టింగునూ కంట్రోలర్ ఈఈప్రామ్‌లో, అంటే కరెంటు పోయినా చెరగని జ్ఞాపకంలో రాస్తుంది. రాసే ఆ కొన్ని మిల్లీసెకన్లలో ఇంటరప్టులు (కొత్త అక్షరం వచ్చిందని తట్టి చెప్పే సంకేతాలు) ఆగిపోతాయి కాబట్టి పోర్టులో వచ్చే అక్షరాలు జారిపోవచ్చు. మొదటి డాలర్ గుర్తు జారితే మిగిలిన పంక్తి దానికి అర్థం లేని జీకోడ్‌గా, అంటే యంత్రాన్ని కదిలించే ఆదేశంగా తోస్తుంది. ఒక పంక్తి పంపి, ‘ఓకే’ వచ్చేదాకా ఆగి, మరొకటి పంపుతూ మళ్లీ మొదలుపెట్టాను. చివర జాబితాను మరోసారి రప్పించుకుని కాగితంతో పోల్చుకున్నాను.

తరువాత ముక్కును గాలిలో ఉంచి, 40 మిల్లీమీటర్లు జరగమని ఆదేశం ఇచ్చి, వెర్నియర్‌తో కొలిస్తే సరిగ్గా 40 వచ్చింది. అంతకుముందు అదే ఆదేశానికి 25 మాత్రమే జరిగేది.

మర్నాడు మామూలు సాఫ్ట్‌వేర్ తెరిస్తే పోర్టు ఖాళీగా లేదంది. కారణం నేనే: ముందురోజు స్క్రీన్ నుంచి కంట్రోల్-ఏ, డి నొక్కి బయటపడ్డాను, అది సెషన్‌ను వెనుక అలాగే బతికించి ఉంచుతుంది. దానిని తిరిగి పట్టుకుని కంట్రోల్-ఏ, కె నొక్కి, అడిగిన ప్రశ్నకు ‘వై’ అన్న తరువాతే పోర్టు విడుదలైంది.