చింతాద్రిపేట: కూవం వంపులో మగ్గాల ఊరు

చెన్నపట్నం చరిత్ర చెప్పేటప్పుడు మనవాళ్లు కోట, జార్జిటౌను దాటి ముందుకు పోరు. కూవం నది మూడు వైపులా చుట్టిన చింతాద్రిపేటకు ఆ కథలో ఇంకా పెద్ద చోటు దక్కాలి. నేతపని కోసమే పెట్టిన ఊరది.

1734లో గవర్నర్ జార్జ్ మార్టన్ పిట్ హయాంలో పేట మొదలైంది. అంతకుముందు ఆ నేల ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ ప్రధాన వర్తకుడుగా ఉండిన సుంకురామ చెట్టి తోట. ఓడలకెత్తడానికి కంపెనీకి తెల్లబట్ట కావాలి. దూరపు ఊళ్లలో బయానా ఇచ్చి నేయిస్తే కరువులు, దారి సుంకాలు, దండయాత్రలు అడ్డొచ్చి సరుకు వేళకు చేరదు. అందుకని నేతవాళ్లనే కోట దగ్గరకు పిలిపించారు. వడికేవాళ్లు, నేసేవాళ్లు, అద్దకంవాళ్లు, రంగులు వేసేవాళ్లు, చాకళ్లు, గుడి కొలువువాళ్లు తప్ప ఇంకెవరూ ఇక్కడ కాపురం పెట్టకూడదని నియమం.

ఈ నియమం వెనక మగ్గం లెక్క ఉంది. చేత్తో వడికే రోజుల్లో ఒక మగ్గానికి నూలు అందాలంటే నలుగురైదుగురు రాట్నం తిప్పాలి. నేతవాళ్లను మాత్రమే తెచ్చి వడికేవాళ్లను వదిలేస్తే మగ్గం సగం రోజులు ఖాళీగా ఉంటుంది.

చోటు కూడా పనిని బట్టే కావాలి. కంపెనీ కొనే పొడవాటి తెల్లబట్ట, లాంగ్ క్లాత్, ఒక తాను ఇంచుమించు 72 మూరలు, అంటే 36 గజాలు. అంత పడుగును (మగ్గం మీద నిలువుగా సాగే నూలు పోగులను) ఇంట్లో పరిచి గంజి పెట్టలేం. తిన్నని, అడ్డులేని వీధి కావాలి, లేదా చెట్ల తోపు కావాలి. తెల్లవారకముందే కర్రల మీద పడుగు సాగదీసి, పలుచని గంజి పట్టించి, ఇద్దరు ఎదురెదురుగా కుంచెతో దువ్వుతారు. పోగులు విడివిడిగా ఆరాలి. ఎండ ఎక్కితే గంజి గబగబా బిగిసి పోగు పెళుసెక్కుతుంది, మగ్గం మీద తెగుతుంది. ముసురు పట్టిందా, గంజి పులిసి బూజు పడుతుంది. ఈశాన్య రుతుపవనం కొట్టే అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పని కుంటుపడేది ఇందుకే. ఆ నెలల్లో వీధి ఎంత వెడల్పున్నా లాభం లేదు.

గుంట మగ్గానిది ఇంకో చిక్కు. నేతగాడు నేల మీద కూర్చుని కాళ్లు గుంటలోకి దించి తొక్కుడుపలకలు తొక్కుతాడు. నేలలోని చెమ్మ పడుగును మెత్తగా ఉంచుతుంది, అది మేలే. కానీ ఏటి వంపులో వరదొస్తే గుంటలో నీరు ఊరుతుంది, నూలు మరకలు పడి కుళ్లుతుంది. కాబట్టి ఇంటి నేలను వీధి కన్నా ఎత్తు చేసి కట్టుకోవాలి. ఏటి ఒడ్డున నేతకు చౌక నేల దొరికినా చౌక ఇల్లు దొరకదు.

చలవ పనికీ అద్దకానికీ మంచినీళ్లు కావాలి. సముద్రం దగ్గరే కాబట్టి కూవం దిగువన ఆటుపోట్లు ఎక్కుతాయి, వేసవిలో మొగ దగ్గర ఇసుక మేట వేసి నది మూసుకుపోతుంది. అప్పుడు నీరు ఉప్పగా, నిలవగా మారుతుంది. ఆ నీళ్లలో ఉతికిన బట్టకు తెలుపు రాదు, చిరివేరు అనే మొక్క వేరు నుంచి తీసే ఎరుపు సమంగా ఎక్కదు. నది పక్కనే ఉన్నా బావులు, చెరువులు తప్పనిసరి. నా లెక్కలో ఈ వంపు ఏటి నీళ్ల కన్నా కాపుదలకే ఎక్కువ పనికొచ్చింది: మూడు వైపులా నీరుంటే కాపలా ఒక్క వైపు చాలు.

పేట నడుమ ఆదికేశవ పెరుమాళ్, ఆదిపురీశ్వరుల జంట గుళ్లు. వైష్ణవులకూ శైవులకూ చెరొకటి ఉంటే వలసొచ్చిన కుటుంబాలు నిలబడతాయి. 1746లో ఫ్రెంచివాళ్లు పట్నం పట్టుకుని 1749లో తిరిగిచ్చారు, పేట మాత్రం మిగిలింది. పంతొమ్మిదో శతాబ్దంలో మిల్లు బట్ట దిగాక మగ్గం కూలి గిట్టక చాలా చోట్ల చేనేత దెబ్బతింది. ఇక్కడా అంతే.

చూడబోయేవాళ్లు గుళ్ల దగ్గర నుంచి కాకుండా చింతాద్రిపేట రైల్వేస్టేషను వైపు, నది గట్టు నుంచి మొదలుపెట్టండి. వంపు ఎలా తిరిగిందో ముందు తెలుస్తుంది. తర్వాత లోపలి సమాంతర వీధుల్లో 36 గజాలు అడుగులతో కొలుచుకుంటూ నడవండి, పడుగు ఎంత చోటు అడుగుతుందో అర్థమవుతుంది.